మూడో ఆదివారం చదివిన పేరు

ఫిలో,

బాగున్నావా అని అడగడం అలవాటు, అందుకే అడుగుతున్నాను. నువ్వు వెళ్ళిపోయి ఐదేళ్ళ రెండు నెలలైంది.

సోమవారం సెమినరీకి వెళ్తున్నాను. ఫాదర్ గారిలా గురువు కావడానికి. యాభై నాలుగేళ్ళ వయసులో... నవ్వుకో. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. అక్కడ నా పక్కన కూర్చునేవాళ్ళకి ఇరవై ఏళ్ళుంటాయి.

ఎలా మొదలైందో చెప్తాను. నువ్వు పోయాక నీ శుక్రవారాల పని నాకు వచ్చింది. ఫాదర్ గారు జబ్బుమనుషులకి సత్ప్రసాదం తీసుకెళ్తుంటే వెంట వెళ్ళి ఇళ్ళు చూపించడం. నీకు అన్నీ తెలుసు. నేను అడిగి తెలుసుకున్నాను. విలేఖరిగా ముప్పై ఏళ్ళు చావు జరిగిన ఇళ్ళకి నోట్‌బుక్‌తో వెళ్ళాను. అలాంటిది, గోదావరి గట్టు దగ్గరి ఇంట్లో ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు. రాసుకోవడానికి ఏమీ లేదు. లేచి రావాలనీ అనిపించలేదు.

దేవుడి పిలుపు అంటే అదేనా? నాకింకా తెలియదు.

సెమినరీకి వెళ్తానని అర్జీ పెడితే బిషప్ గారు రెండేళ్ళు ఆలోచించారు. ఆ రెండేళ్ళూ స్టెల్లాకి చెప్పలేదు. ఖరారు కాని వార్త బయటపెట్టని అలవాటు కదా నాది. కూతురికి కూడా అదే పద్ధతి పాటించాను. ఖరారైన ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. మర్నాడు పూజ చివర ఫాదర్ గారు పేరు చదివేశారు.

మన విచారణ గుళ్ళో పద్ధతి నీకు తెలుసు. సెమినరీకి వెళ్ళే మనిషి పేరు మూడు ఆదివారాలు చదువుతారు. అడ్డంకి ఏదైనా తెలిసినవాళ్ళు వచ్చి చెప్పమంటారు. మన పెళ్ళికీ అలాగే చదివారు. ఆ రోజు స్టెల్లా నిడదవోలు నుంచి వస్తుందని నాకు తెలియదు. ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో ఉంది. నా పేరు విని, పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఎవరి గురించి రాసినా ముందు వాళ్ళని అడిగే మనిషిని... ఫోన్‌లో నీకు వార్త చదివి వినిపిస్తే నువ్వు అడిగేదీ ఒకటే. "అవతలి వాళ్ళ మాట తీసుకున్నారా అండి?"

రెండో ఆదివారం తను రాలేదు. మర్నాడు నేనే ప్యాసింజర్ ఎక్కి నిడదవోలు వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. అల్లుడు కాసేపు వానల గురించి మాట్లాడి షాపుకి వెళ్ళాడు. అప్పుడు అడిగింది. అమ్మ పక్కన కూర్చోడానికి లేని తీరిక, ఊళ్ళోవాళ్ళ పక్కన కూర్చోడానికి ఎక్కణ్ణుంచి వచ్చింది నాన్నా అని.

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. తిరుగు బండిలో సీటు ఉన్నా నిలబడే వచ్చాను.

మూడో ఆదివారం పూజ అయ్యాక తను ఫాదర్ గారి గదిలోకి వెళ్ళింది. పావుగంట ఉంది. తర్వాత నన్ను పిలిచారు. తను చెప్పింది ఫాదర్ గారు కాగితం మీద రాసుకున్నారు. చదివి, నిజమేనా అని అడిగారు.

అందులో ఉన్నది ఇది. ధవళేశ్వరం దగ్గర వరద పెరుగుతున్న సాయంత్రం కూతురు ఆసుపత్రి నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. అక్కడ వార్త రాస్తున్న తండ్రి మూడోసారి ఎత్తాడు. వార్త పంపి బయల్దేరాడు. వచ్చేసరికి భార్య లేదు. ఆవిడ చివరి వరకూ తలుపు వైపే చూసింది.

ఆ చివరి వాక్యం నాకు తెలియదు ఫిలో. ఐదేళ్ళుగా తను నాతో అనలేదు.

నిజమే అన్నాను. కింద సంతకం పెట్టాను. శ్రీసభ చట్టం ప్రకారం ఇది అడ్డంకి కాదన్నారు ఫాదర్ గారు. కాదని నాకూ తెలుసు...

బయట స్టెల్లా చెప్పులు వేసుకుంటోంది. ఆపమని చెప్పడానికి వెళ్ళలేదట. ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలనిపించిందట. విలేఖరి కూతురు కదా. వెళ్ళండి నాన్నా అంది. సోమవారం స్టేషన్‌కి వస్తానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

తలుపు వైపు చూస్తూ ఏమనుకున్నావు? కోపం వచ్చిందా? లేక ఎప్పటిలాగే, "రాసి రండి, తొందరేం లేదు" అనుకున్నావా? ఆ మాట నువ్వు ఎన్నిసార్లు అన్నావో... అన్న ప్రతిసారీ, నాకు వీలుగా ఉంది కనక నమ్మాను.

అవతలి మాట నీదే. అది లేకుండానే వెళ్తున్నాను. వార్త అయితే ఆపేసేవాణ్ణి.

ఒక్క మాట ఇస్తున్నాను. ఇకమీదట ఏ జబ్బుమనిషి ఇంటి నుంచి ఫోన్ వచ్చినా, మొదటిసారికే లేస్తాను.

నీ జోసఫ్