అసంపూర్తి బొమ్మకు మావయ్య తనిఖీ

పూజ్యులైన మావయ్యకు మేనకోడలు పిచ్చుక నమస్కరించి రాస్తున్నది.

నేను కులాసా. మీరూ, అత్తయ్యా, మీ రక్తపోటూ కులాసా అని తలుస్తాను. ఫోను చేస్తే "నోటిమాటకి సాక్ష్యం ఉండదు, కాగితం మీద పెట్టు" అంటారు కాబట్టి ఈ ఉత్తరం.

వచ్చే శనివారం మా 'అసంపూర్తి సాయంత్రం'. సైకిలు షాపు పైన ఉన్న మేడగదిలో బొమ్మలు వేసేవాళ్లం, పాటలు కట్టేవాళ్లు, నాటకాలాడేవాళ్లు నెలకోసారి కలుస్తాం. ఎవరి దగ్గర సగంలో ఉన్న పని వాళ్లు తెచ్చి చూపిస్తారు. మిగతావాళ్లు తమకు తోచింది చెబుతారు. ఈసారి వంతు నాది. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ బొమ్మ వేస్తున్నాను. చీరా, చేతులూ, మిషనూ అయిపోయాయి. ముఖం ఒక్కటే మిగిలింది. మీరు వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఉంటాను,
పిచ్చుక

తా.క.: మీరు రిటైరయ్యారు. కొలత టేపు ఇంట్లో పెట్టి రండి. పోయినసారి నా గది గోడ కొలిచి, వంకరగా ఉందని ఇంటివాళ్లతో తగువు పెట్టుకున్నారు. గోడ అలాగే ఉంది. ఇంటివాళ్లే నాతో మాట్లాడటం మానేశారు.

*

చిరంజీవి పిచ్చుకను మావయ్య దీవించి తెలియజేయు సంగతులు.

నీ ఉత్తరం చూశాక నాకు ముద్ద దిగలేదు. భవనాల తనిఖీ అధికారిగా జీవితమంతా గడిపాను. సగం కట్టిన ఇంటిని నా కంటపడకుండా దాచడానికి తంటాలు పడ్డవాళ్లను చూశాను గాని, నలుగుర్నీ పిలిచి చూపించి టీ ఇచ్చినవాళ్లను చూడలేదు. స్లాబు పడని ఇంట్లో ఎవరైనా గృహప్రవేశం చేస్తారా?

అసలు విషయం నాకు అర్థమైందిలే. పని సగంలో వదిలేసేవాళ్లను కూర్చోబెట్టి మందలించే సంఘం ఇది. సిగరెట్లు మానలేనివాళ్లకు ఇలాంటివి ఉంటాయని పేపర్లో చదివాను. ఉన్నమాట చెప్పడానికి మొహమాటపడి పిలుపులాగా రాశావు. నా దగ్గర నీకు సిగ్గేమిటి? కానీ నేను రాను. నలుగురిలో నిన్ను నిలబెట్టి మందలిస్తుంటే చూడలేను.

శుభం,
మావయ్య

తా.క.: మీ అత్తయ్య ఇది చదివి, "మన పెరట్లో సగం కట్టి వదిలేసిన మెట్లు ఏ సంఘానికి చూపిస్తారు?" అంది. ఆ మెట్ల సంగతి వేరు.

*

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

అయ్యో, అది మందలించే సంఘం కాదు! మొన్న శనివారం మా వయొలిన్ ఆయన పాట వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆపేసి, "ఇంతవరకే వచ్చింది" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత ఎటు తీసుకెళ్లాలో అందరం కలిసి ఆలోచించాం. మొత్తం అయిపోయిన పనికి పొగడ్త దొరుకుతుందేమో గాని, సాయం దొరకదు కదా.

నా వంతు వచ్చింది. బొమ్మ మీద గుడ్డ తీశాను. కుండలు చేసే ఆవిడ చాలాసేపు చూసి, "చేతులకు ప్రాణముంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి నువ్వు పారిపోయావమ్మా" అంది. కానీ మంచికే అంది. బొమ్మ అక్కడే ఉంచి వచ్చాను.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: నాటకాలాయన, "తల లేకపోయినా ఎంత నిండుగా ఉన్నారో ఈవిడ" అన్నాడు. అది పొగడ్త. మీరు ఆవేశపడకండి.

*

చి. పిచ్చుకకు మావయ్య ఆశీస్సులు.

నేను ఆవేశపడలేదు. నా చెల్లెలికి తల లేదన్నవాడి పూర్తి చిరునామా వెంటనే పంపు. నిన్ను పారిపోయావన్న ఆ కుండలావిడదీ పంపు. ఆ మేడమెట్లకు రెయిలింగు ఉందా? లేదని ఒక్కమాట రాయి చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ముఖం గురించి నువ్వు బెంగపడకు. మీ అమ్మ గుర్తింపు కార్డు ఫొటో దీంతో పంపుతున్నాను. చూసి దించేయి. ఒక పూట పని. తర్వాత నా స్నేహితుడి బోర్డుల షాపులో చేరు. నీ గురించి చెప్పి ఉంచాను. అక్కడ సగం అక్షరాలు రాసి తోచింది చెప్పమంటే షాపులోంచి గెంటుతారు. అందుకే పనులు పూర్తవుతాయి.

శుభం,
మావయ్య

తా.క.: ఫొటోలో చెల్లెలి ముఖం కోపంగా ఉంది. ఫొటోగ్రాఫరు గడ్డం ఎత్తమన్నాడని. నువ్వు వేసేటప్పుడు గడ్డం ఉంచి కోపం తీసెయ్యి.

*

మావయ్యకు,

ఫొటో అందింది. వేద్దామని మేడగదికి వెళ్లాను. కళ్లు మొదలుపెట్టిన ప్రతిసారీ, చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద చూసిన అమ్మ కళ్లే వస్తున్నాయి. తుడిచేశాను. మళ్లీ వేశాను. మళ్లీ అవే. ఎవరు ఏమన్నారని కాదు, నావల్ల కావడం లేదు.

మీ స్నేహితుడి షాపులో చేరాను. మీ మాటే నిజమేమో, పూర్తి చేయలేనిదాన్ని మొదలుపెట్టకూడదు. ఈ శనివారం పెన్షను పనిమీద ఇటు వస్తున్నారు కదా. సాయంత్రం వాళ్లు ఈ నెలకు కలుస్తారు, ఆ మేడగది తెరిచి ఉంటుంది. బొమ్మ మీ ఇంటికి పట్టుకెళ్లి, గోడవైపు తిప్పి పెట్టండి. నేను ఆ మెట్లు ఎక్కలేను.

పిచ్చుక

*

నా బంగారు పిచ్చుకకు మావయ్య రాయునది.

అక్కడిదాకా వచ్చి నిన్ను చూడకుండా బస్సెక్కినందుకు కోప్పడకు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నువ్వు ఎందుకని అడిగితే నాకు అబద్ధం రాదు.

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. గుమ్మంలో ఒకాయన, "మీది కూడా ఉందాండీ ఇవాళ?" అని అడిగాడు. "నాది చాలా ఉంది!" అన్నాను. ఎంతో మర్యాదగా తీసుకెళ్లి మధ్యలో నిలబెట్టాడు. దొరికిందే అదను అనుకుని మొదలుపెట్టాను. "సిగ్గుండాలి! సగం పనులు ముందేసుకుని కూర్చుంటారా? పసిపిల్లను పట్టుకుని పారిపోయావంటారా?" అని ఉతికి ఆరేశాను. అందరూ గడ్డాల కింద చేతులు పెట్టుకుని వింటున్నారు. నా సర్వీసు మొత్తంలో ఒక్క మేస్త్రీ కూడా నా మాట అలా వినలేదు. ఒకమ్మాయి లేచి నా మీదికి లైటు తిప్పింది.

"దీనికి ముఖమేదీ?" అని బొమ్మవైపు తిరిగాను.

నేను అప్పటిదాకా దాన్ని చూడలేదమ్మా. ఆ చేతులు చూశాను. గుడ్డ నొక్కిపట్టి, చిటికెనవేలు మాత్రం పైకెత్తి. అలాగే కుట్టేది. ఎవరు పిలిచినా తలెత్తేది కాదు. "ఊఁ, చెప్పన్నయ్యా, వింటున్నా" అనేది. ఆ మాట వాళ్లకు చెబుదామని నోరు తెరిచాను. "ఊఁ" దగ్గరే ఆగిపోయాను. నాకూ కళ్లు మూస్తే ఆ మంచమే కనిపిస్తోంది పిచ్చుకా. అంతకు ముందున్న ముఖం ఎంత వెతికినా దొరకడం లేదు. అంతమంది కొత్తవాళ్ల ముందు, ఇంట్లో మీ అత్తయ్యకు కూడా చెప్పనిది, చెప్పేశాను. చెప్పి పసివాడిలా ఏడ్చాను.

కాసేపటికి కుండలావిడ మంచినీళ్లిచ్చి, "ఇంతవరకే వచ్చిందా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను.

అప్పుడు చప్పట్లు! నాటకాలాయన నా చెయ్యి పట్టుకుని, "ఏడుపు ఎంత సహజంగా చేశారండీ! కాకపోతే కాస్త ముందే వచ్చేసింది. తిట్లు ఇంకొంచెం పెంచండి" అన్నాడు. నేను నాటకం వేస్తున్నాననుకున్నారట, మొదటినుంచీ! అది నాటకం కాదని చెప్పబోయాను. కానీ అంతలో వయొలిన్ ఆయన, "మీ చెల్లెలి పాత్ర ఇంకా తెలియాలండీ, ఆవిడ నవ్వేదా?" అని అడిగాడు. నవ్వేదా! ఇక ఆ చెప్పడం చెప్పడం బస్సు వేళ దాకా చెప్పాను.

బొమ్మ తేలేదు. వచ్చే నెల వంతు నాకిచ్చారు, అప్పుడు అది పక్కన ఉండాలి. నువ్వూ ఉండాలి. ముఖం వేయమని అడగను. వచ్చి దాని ముందు కూర్చో. నాకు గుర్తొచ్చింది నేను చెబుతాను, నీకు గుర్తొచ్చింది నువ్వు చెప్పు.

నీ
మావయ్య

తా.క.: వచ్చే నెల శనివారం నువ్వు పనికి రావని బోర్డుల షాపుకి రాసేశాను. కారణం: కుటుంబంలో ఒకరు కళాకారులైపోవడం.