కళ్ళు మూస్తే కాయ పోతుంది

పోశం బావా, శనార్తి.

నువ్వు పోయి ఆరు నెలలు దాటింది. అక్కడ ఎలా ఉన్నావని అడగను. ఎలా ఉన్నా బాగానే ఉన్నానంటావు... నీ మాట నమ్మే అలవాటు నాకెప్పుడూ లేదు.

ఇక్కడ గోదావరిఖని ఎండలు ఎప్పటిలాగే ఉన్నాయి. పక్క క్వార్టర్ వాళ్ళు టీవీ కొన్నారు. గాలి వీస్తే చాలు, ఆంటెన్నా తిప్పడానికి మన లైనంతా వాళ్ళ మేడ ఎక్కుతోంది. నా కాళ్ళు మాత్రం మంచం చివర ఎవరో మర్చిపోయి వెళ్ళిన సామానులా అలాగే ఉన్నాయి.

బొగ్గుబావిలో నడుం మీద బండ పడ్డప్పటి నుంచి అంతేగా! చీమ కుట్టినా తెలియదు, సూది గుచ్చినా తెలియదు. కానీ సాయంత్రమైతే అరికాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. వెన్నులో నరాలు దెబ్బతిన్నాయి కాబట్టి కాళ్ళ నుంచి తప్పుడు కబుర్లు వస్తాయని దవాఖానలో డాక్టరు చెప్పాడు. నువ్వు ఆయన ముందే నా పాదం గిల్లి చూశావు. "కరెంటు లేని ఇంట్ల బుగ్గ ఎట్ల వెలుగుతదిరా?" అని నన్నే అనుమానంగా చూశావు. డాక్టరు నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు.

నా నొప్పిని నమ్మింది నీ పెళ్ళామే, మా లచ్చక్క. నమ్మి, ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి అరికాళ్ళకు పెట్టింది. మండే కాళ్ళకు మళ్ళీ వేడేమిటని ఒక్కరికైనా తోచిందా? హాయిగా ఉందన్నాను నేను. ఏమీ తెలియకపోతే హాయే కదా... కాలిన వాసన వచ్చాక నా భార్య కమల దుప్పటి తీసి చూస్తే, బొబ్బలు! ఆ పుండ్లు మానేదాకా అక్క వచ్చి ఏడవడం, కమల ఆమెను ఓదార్చడం. నన్ను ఎవరూ ఓదార్చలేదు.

నువ్వు ఆ ఇటుకను పగలగొట్టి, ముక్కలు అరగదీసి, నాకు పచ్చీసు కాయలు చేశావు. "దుష్మన్‌ను ఇంట్లనే పెట్టుకొని ఆడియ్యాలె" అన్నావు. నీ కాయలేమో బొగ్గు పెళ్ళలు. పుండ్లు పడకుండా లారీ ట్యూబులో గాలి కొట్టించి దాని మీద కూర్చోబెట్టావు. చెక్క మీద సుద్దతో ఇళ్ళు గీసి నా తొడల మీద పెట్టి, గవ్వలు చేతికిచ్చావు. ఇక రోజూ మొదటి షిఫ్టు దిగగానే వచ్చేవాడివి.

మొదటి ఆటలోనే దొంగాట మొదలుపెట్టావు. మంట పొంగినప్పుడు నేను పళ్ళు బిగించి కళ్ళు మూసేవాణ్ణి. తెరిచేసరికి నా కాయ వెనక్కి పోయేది, నీది ముందుకొచ్చేది. నా ఇటుక కాయ మీద నల్లటి వేలిముద్ర చూపిస్తే, "బాయి పని జేసేటోని చేతులకు బొగ్గు గాక గంధం ఉంటదా?" అనేవాడివి. పైగా నాకే బుద్ధులు చెప్పేవాడివి. "కండ్లు మూస్తే కాయ పోతది బామ్మర్ది. నాదేం తప్పుంది?"

ఏం చెయ్యను? కళ్ళు మూయడం మానేశాను. మంట వస్తే రానీ, చూపు మాత్రం కాయల మీదే. ఊపిరి పొడుగ్గా తీస్తూ ఒక్కో కాయకూ కాపలా కాసేవాణ్ణి. మంట పోయేది కాదు బావా, అబద్ధమెందుకు... కానీ పిలవని చుట్టంలా ఓ మూలన కూర్చునేది. నొప్పి గోళీ వేసుకోకుండానే, నిన్ను తిట్టుకుంటూనే సాయంత్రం గడిచిపోయేది.

ఆ రోజు ఆట మధ్యలో లేచావు. నీ ఆఖరి కాయ ఇంకా సగం దారిలోనే ఉంది. ఛాతీ రుద్దుకుంటూ, "గ్యాసు. గోలీసోడ తాగి పంటే పోతది. రేపొస్త, కాయలు గదిలియ్యకు" అన్నావు. నా నొప్పిని అంతగా కనిపెట్టినవాడివి, నీ నొప్పిని గ్యాసంటావా? నీ దొంగాటల్లో నేను క్షమించనిది అదొక్కటే... తెల్లారేసరికి నువ్వు లేవు.

చెక్కను కాయలతో సహా బీరువా మీద పెట్టించాను. కమల దుమ్ము దులిపేటప్పుడు దాని జోలికి పోదు.

తర్వాత జలీల్ భాయ్ రావడం మొదలుపెట్టాడు. నీకు ఆ లారీ ట్యూబు ఇచ్చిన మెకానిక్ లేడూ, ఆయనే. తన గుడ్డ పచ్చీసు తెచ్చుకుంటాడు. ఎంత మర్యాదస్తుడో! నాకు మంట వస్తే గవ్వలు కింద పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, ఎంతసేపైనా ఆగుతాడు. కళ్ళు తెరిచేసరికి ఎక్కడి కాయ అక్కడే ఉంటుంది. ఇంత నిజాయితీ నేనేం చేసుకోను? కాపలా కాసే పని లేక మళ్ళీ కళ్ళు మూయడం అలవాటైంది. కళ్ళు మూస్తే నొప్పి తప్ప ఏమీ కనబడదు. గోళీలు పెరిగాయి. ఒకనాడు తింటూ తింటూనే నిద్రపోయి, పప్పన్నంలో మొహం పెట్టానట. కమల నవ్వలేదు. డాక్టరుతో ఇంకా పెద్ద గోళీ రాయించుకు రమ్మని నేనంటే గోడ వైపు తిరిగి నిలబడింది. మనిషి ఉండీ లేకుండా పోతున్నాడని ఆమె భయం. నా భయమూ అదే.

మొన్న అక్క వచ్చింది. నువ్వు పోయాక గడప దాటడం అదే మొదలు. మంచినీళ్ళు ముట్టలేదు. బీరువా మీద చెక్కను చూసి దించమంది. నా తొడల మీద పెట్టి, నీ చోట కూర్చుని, నీ తరఫున గవ్వలు వేసింది.

కాసేపటికి మంట లేచింది. కళ్ళు మూశాను. చెక్క మీద చిన్న చప్పుడు... బావా, అచ్చం నీ చప్పుడే! తెరిచి చూద్దును కదా, నీ నల్లకాయ నా కాయలన్నింటినీ దాటేసి కూర్చుంది. అక్క ఏమీ ఎరగనట్టు ఫ్యాను కేసి చూస్తోంది. కొంగుకు మాత్రం బొగ్గు మసి!

అరిచాను. ఎంతలా అరిచానంటే, నువ్వు తిరిగొచ్చావని పక్క క్వార్టర్ వాళ్ళు జడుసుకుని ఉంటారు. అక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, నల్ల మొహంతో మళ్ళీ గవ్వలు వేసింది. ఆ సాయంత్రం గోళీ సంగతే గుర్తుకు రాలేదు.

నా నొప్పి మరిపించడానికే నువ్వు దొంగాట ఆడావని, ఎంత గొప్ప మనసని అక్కతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళయిన కొత్తలో తనతో ఆడినప్పుడూ కాయలు జరిపావట. ఆఖరికి మా అమ్మతో ఆడినప్పుడు కూడానట! మరి నా దగ్గర చేసింది మందా, అలవాటా? రెండూనా?... నువ్వు చెప్పవు. చెప్పినా నేను నమ్మను.

చివరికి నీ ఆఖరి కాయ పండే ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. అక్కకు కావలసిన పందెం పడటం లేదు. ఎన్నిసార్లు వేసినా పడలేదు. గవ్వలు గుప్పిట్లో పట్టుకుని నీ కాయనే చూస్తోంది. అప్పుడు నా కాళ్ళు చల్లగా ఉన్నాయి బావా, మంట లేదు, ఏమీ లేదు. అయినా పళ్ళు బిగించి, అమ్మా అని మూలిగి, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చాలాసేపు తెరవలేదు.

తెరిచేసరికి నీ కాయ పండింది.

ఆ ఆట నీదే, తీసుకో. రేపటి నుంచి కొత్త ఆట. అక్క రోజూ వస్తానంది. ఇక కళ్ళు మూయను బావా, మాటిస్తున్నాను. ఇంట్లో దొంగలున్నారు.

నీ బామ్మర్ది
ఓదెలు