అన్నవరం వైపు ఒరిగిన స్టీరింగు

కడియం,
మంగళవారం.

రాజమండ్రి లారీ సామాన్ల షాపు జానకిరామ్ గారికి, మొక్కల లారీ వీరబాబు నమస్కరించి రాయునది.

ఫోన్ చేస్తే, కంప్లయింటు ఏదైనా కాగితం మీదే పంపాలన్నారు కదా, అందుకని రాస్తున్నాను. ముందు నా సంతోషం చెప్పుకోనివ్వండి. కంపెనీ స్టీరింగు తీసేసి మీరు బిగించిన ఎర్ర లెదరు స్టీరింగు అద్భుతమండి. పాతది గంగాళం మూతంత ఉండి పొట్టకి తగిలేది. ఇప్పుడు బెత్తెడు ఖాళీ. నర్సరీలో మొక్కలెక్కించేవాళ్ళు పని మానేసి వచ్చి తలా ఒకసారి పట్టుకు చూశారు. ఆ రోజు మీ షాపుకొచ్చి రంగు ఎంచింది మా ఆవిడ సత్యకుమారే. దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

ఒకటే లోటు. బండి తిన్నగా వెళ్తున్నా స్టీరింగు ఎడమకి ఒరిగి ఉంటోంది. ఏంటండీ సంగతి?

ఇట్లు,
వీరబాబు.

తా.క. పాత స్టీరింగు పారెయ్యలేదు. దాని మీదికి బీరపాదు పాకిస్తున్నాం.

రాజమండ్రి,
గురువారం.

వీరబాబు గారికి జానకిరామ్ నమస్కారాలు.

కంగారు పడకండి. స్టీరింగు కూర్చునే ఇరుసుకి చుట్టూ పళ్ళుంటాయి. మా మెకానిక్కు జయపాల్ ఒక పన్ను పక్కకి బిగించినట్టున్నాడు. నట్టు విప్పి జరిపితే సరిపోతుంది, పది నిమిషాల పని. ప్రమాదమేమీ లేదు. బండి తీసుకురండి.

మీ
జానకిరామ్.

తా.క. జయపాల్‌ని అడిగితే తల గోక్కుంటున్నాడు. పదేళ్ళలో వీడు ఇలాంటి పొరపాటు చెయ్యలేదండి.

కడియం,
శనివారం.

జానకిరామ్ గారికి వీరబాబు నమస్కారాలు.

బండి తీసుకురాను. ఆ స్టీరింగు ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. అసలు సంగతి సత్యకుమారి కనిపెట్టింది. లారీ కొన్నప్పుడు ఇద్దరం అన్నవరం కొండమీద సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుంటామని మొక్కుకున్నామండి. మూడేళ్ళయింది. బయల్దేరదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక లోడు వస్తుంది, నేను వెళ్ళిపోతాను. తను ఇస్త్రీ చేసిన పట్టుచీర మళ్ళీ బీరువాలో పెట్టేస్తుంది.

"స్వామి ఎంతకాలమని చూస్తాడండి? స్టీరింగు పట్టుకుని తనవైపు తిప్పేశాడు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. విశాఖ హైవే ఎక్కి చూశాను. స్టీరింగు ఒరిగిన వైపే కొండ.

ఇక్కడేమో పూణే లోడు సిద్ధంగా ఉంది. పూణే వెళ్ళాలో కొండెక్కాలో తేలడం లేదు.

ఇట్లు,
వీరబాబు.

తా.క. పట్టుచీర మళ్ళీ ఇస్త్రీకి వెళ్ళింది.

రాజమండ్రి,
ఆదివారం.

అయ్యా వీరబాబు గారూ,

ఒక్క మాట ఆలోచించండి. మీరు రావులపాలెం వెళ్ళేటప్పుడూ అది ఎడమకే ఒరుగుతుంది కదా. అటు అన్నవరం ఎక్కడుందండి? రేపు రండి, నేనే సరిచేస్తాను. నిశ్చింతగా పూణే వెళ్దురుగాని.

మీరు నలుగురికీ చెప్పినట్టున్నారు. నిన్న ముగ్గురు డ్రైవర్లు వచ్చి, అన్నవరం వైపు చూసే స్టీరింగు మాకూ బిగించమన్నారు. ఒకాయన తిరుపతి వైపు చూసేది ఉందా అని అడిగాడు. నాకు తల తిరిగిపోయి జయపాల్‌ని పనిలోకి రావద్దన్నాను.

మీ
జానకిరామ్.

తా.క. తిరుపతాయన మళ్ళీ వచ్చాడు. ఎంత చెప్పినా వినకపోతే కుడికి ఒక పన్ను జరిపి నేనే బిగించాను.

కడియం,
గురువారం.

జానకిరామ్ అన్నయ్యగారికి సత్యకుమారి నమస్కరించి రాయునది.

జయపాల్‌ని వెంటనే పనిలోకి పిలవండి. తప్పు నాది. ఆ రోజు మా ఆయన టీకి వెళ్ళగానే, ఒక పన్ను పక్కకి బిగించమని, ఎవరికీ చెప్పొద్దని జయపాల్‌ని నేనే బతిమాలాను. మా నాన్నగారు వీరబ్రహ్మం లారీ మెకానిక్కు, ఆ పళ్ళ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మూడేళ్ళు నా నోటితో అడిగానండి. నా మాట వినకపోయినా స్టీరింగు మాట వింటారేమోనని చూశాను.

విన్నారు. పూణే లోడు వేరే లారీకి ఇచ్చేశారు. మొన్న మంగళవారం పీటల మీద నా పక్కన కూర్చుని, ఐదు కథలూ కదలకుండా విన్నారు. ఫోను కూడా ఆపేశారు. నాకెంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు. తర్వాత ఆయన ప్రసాదానికి వెళ్ళినప్పుడు స్పానరు తీసి స్టీరింగు నేనే తిన్నగా పెట్టేశాను. ఆయన వచ్చి చూసి, కొండవైపు తిరిగి లెంపలేసుకున్నారు.

ఇట్లు,
మీ చెల్లెలు సత్యకుమారి.

తా.క. దయచేసి ఆయనకి చెప్పకండి.

రెండో తా.క. ఇది రాస్తున్నది వీరబాబునండి. పోస్టులో వెయ్యమని ఉత్తరం నా చేతికే ఇచ్చింది, అంటించడం మర్చిపోయింది. మీరు పన్ను సంగతి రాసిన ఉత్తరం అందిన రోజే స్టీరింగు మధ్య క్యాప్ తీసి చూసుకున్నాను, నిజంగానే ఒక పన్ను పక్కకి ఉంది. ఇరవై ఏళ్ళుగా లారీ తోలుతున్నాను, ఆ మాత్రం తెలీదా అండి. ఒళ్ళు జలదరించిందని రాసినప్పుడు తను పక్కనే కూర్చుని చదువుతోంది. అన్నిసార్లు మాట తప్పాక మళ్ళీ వెళ్దాం పద అనడానికి నాకు మొహం చెల్లలేదు. తనే స్వామి పేరు చెప్పేసరికి ప్రాణం లేచొచ్చింది. నట్టు మాత్రం కాస్త వదులుగా బిగించింది. తను పడుకున్నాక నేను మళ్ళీ బిగించాను. తనకి చెప్పకండి.