విశాఖ ఫారమే నింపు

దయా,

డ్యూటీకి వెళ్తున్నాను. చేపల పులుసు పొయ్యి మీద ఉంది, నాన్నకి నువ్వే కలిపి పెట్టు. బయటికెళ్తే తలుపుకి తాళం వెయ్యి. నిన్న మళ్లీ జెట్టీ దాకా వెళ్లిపోయారు.

నీ దూరవిద్య ఎం.ఎ. సైకాలజీ ఫారం చింపేశాను. మనిషి ఎదురుగా కూర్చుని వినడం పోస్టులో ఎలా వస్తుందే? విశాఖ ఫారమే నింపు. సీటొస్తే ఈ దీవి వదిలి ఓడ ఎక్కు. ఈ చదువు ఎందుకని అడిగినచోట ‘నాన్న కోసం’ అని మాత్రం రాయకు. సునామీలో నీ తమ్ముడు పోయినప్పటినుంచి ఆయన నోరు విప్పలేదు. మూడేళ్లయింది. ఇక విప్పరు.

– అమ్మ

ఒకటి మరిచాను. అప్పుడు సునామీ సహాయ క్యాంపులో కౌన్సెలింగ్ మేడమ్ అందరినీ పిలిచి మాట్లాడించింది. నేను అందరికీ గంజి కాస్తూ ఉండిపోయాను. నన్నెవరూ అడగలేదు. నేర్చుకుని వచ్చాక నువ్వు అడుగు.