రొయ్యల పచ్చడి: ఆరో మార్పు

2004 జూన్ 7, సోమవారం

ఇవాళ నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం పనిచేసింది. మూడు నెలలు పట్టింది. గవర్నర్‌పేటలో నేర్చుకున్న విజువల్ బేసిక్ ఆటోనగర్‌లో రొయ్యల పచ్చడికి పనికొస్తుందని ఎవరనుకున్నారు? లారీ బాడీలు కట్టే రెండు షెడ్ల మధ్య మా పచ్చళ్ళ షెడ్డు. పొద్దస్తమానం సుత్తి దెబ్బలే.

మా ఓనరు గంగాదేవి మేడంకి కావలసింది ఒక్కటే. ఈ ఏడాది రుచే పై ఏడాదీ ఉండాలి. నాకు ఇంకోటి కావాలి. వంటలో ఏం మారింది, ఎప్పుడు, ఎవరి మాట మీద, ఎందుకు? పాత కొలత చెరిగిపోకూడదు. కొత్తది దాని కింద చేరాలి. పక్కన తేదీ, పేరు, కారణం.

జూన్ 16, బుధవారం

పచ్చడి అసలు కొండలమ్మ గారిది. మేడంకి మేనత్త. సొంతూరు బందరు దగ్గర గిలకలదిండి. కొలత అడిగితే అరచెయ్యి చూపిస్తారు. ఆ చేత్తోనే ఉప్పు వేయించి కాటా మీద పెట్టాను. ఇరవై కిలోల రొయ్యలకి రెండు కిలోలు. మళ్ళీ వేయించాను. రెండు కిలోల పది గ్రాములు! మూడోసారి అడిగితే, నాకు పరీక్ష పెడుతున్నావా అమ్మాయ్ అన్నారు.

రేపటి నుంచి కొలతల ప్రింట్ పొయ్యి దగ్గర గోడకి అంటిస్తాం. అందులో ఉన్నట్టే వెయ్యాలని మేడం ఆర్డరు. కొండలమ్మ గారు కూడానా అని అడిగాను. అందరూ అంటే అందరూ అన్నారు మేడం. కొండలమ్మ గారికి చదువు రాదు. పక్కవాళ్ళు చదివి వినిపిస్తారు.

జూలై 9, శుక్రవారం

వానలు పట్టాయి, ఉప్పు పెంచమని కొండలమ్మ గారు వచ్చి చెప్పారు. అదే టైములో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటుంటే గబగబా టైపు కొట్టి సేవ్ చేశాను, కరెంటు వచ్చాక కొత్త ప్రింట్ గోడకి అంటించాం. ఆరో మార్పు.

ఆగస్టు 3, మంగళవారం

గుడివాడ నుంచి షాపు బసవపున్నయ్య గారు మా పచ్చడి సీసాల పెట్టెలన్నీ ఆటోలో వేసుకొచ్చారు. మూత తీస్తే తెల్లటి బూజు. పైకి బూజు కనిపించకముందే ఒక ఫంక్షన్‌లో వడ్డించారట. ఏడుగురికి వాంతులు. అందులో ఒక ముసలావిడకి సెలైన్ ఎక్కిస్తున్నారట.

మేడం ప్రోగ్రాం తెరవమన్నారు. ఆరో మార్పు. ఉప్పు 2 నుంచి 1.25. మార్చినది కొండలమ్మ. మేడం అందరి ముందూ పైకి చదివారు. ఇంత పని ఎందుకు చేశావత్తా అని అరిచారు. కొండలమ్మ గారు చేతులు కడుక్కొచ్చారు. చీరలు సంచిలో సర్దుకుని బందరు బస్సెక్కారు.

మా హెలెన్ రాసిన ప్రోగ్రాం లేకపోతే ఇది బయటపడేదే కాదని మేడం నన్ను మెచ్చుకున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆగస్టు 4, ఉదయం 6

కారణం గడిలో ‘వానలు’ అని ఉంది. వానలకి ఉప్పు ఎవరైనా తగ్గిస్తారా?

అదే రోజు, 11 గంటలు

గుర్తొచ్చింది, ఆ రోజు ఆవిడ రెండుంపావు అన్నారు. నేను కొట్టింది ఒకటింపావు. కీబోర్డు మీద ఒకటీ రెండూ పక్కపక్కనే.

ఆగస్టు 5, గురువారం

పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు. ప్రోగ్రాం లోపలి పట్టిక తెరిచి ఒకటిని రెండు చెయ్యడం క్షణం పని, మేడం కోపంలో తప్పు చదివారనుకుంటారు. గోడ మీద ప్రింట్ చింపేస్తే చాలు, తప్పు వంటవాళ్ళ మీదకి పోతుంది. ఏమీ చెయ్యకపోతే కొండలమ్మ గారి మీదే ఉండిపోతుంది. ఎటు చూసినా నా మీదకి రాదు.

నాలుగుసార్లు తెరిచాను. నాలుగుసార్లు మూశాను. బయటికెళ్ళి లారీకి రంగు వేస్తుంటే చూశాను. టీ తాగాను. మళ్ళీ తెరిచాను. ఏదీ చెరగకూడదని రూలు పెట్టింది నేనే, చెరిపే దారి ఉంచుకున్నదీ నేనే.

ఆగస్టు 6, శుక్రవారం

చెప్పేశాను.

మేడం స్క్రీన్ తన వైపు తిప్పుకున్నారు. టైపు చేసింది నువ్వైతే పేరు ఆవిడది ఎందుకుందని అడిగారు. మాట ఆవిడది కాబట్టి అన్నాను. చెబుతుంటేనే సిగ్గేసింది. ముందు వెళ్ళి ఆవిడకి చెప్పు, ఉద్యోగం సంగతి తర్వాత అన్నారు.

ఆగస్టు 7, శనివారం

గిలకలదిండి. కొండలమ్మ గారు ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తున్నారు. నిలబడే చెప్పాను. ఆవిడ పని ఆపలేదు. పచ్చడి కలిపిన రోజే తనకి తెలుసన్నారు.

“నాలిక మీద వేసుకోగానే తెలిసిందమ్మా, చప్పగా ఉందని. ఒకటింపావు అని చదివారు. నువ్వు కాటా పెట్టి రాసిన కాగితం కదా! నేనే తప్పు చెప్పానేమో, ముసలిదాన్ని, నాలిక చచ్చిందేమో అనుకున్నా.”

“మేడం తిట్టినప్పుడైనా చెప్పచ్చు కదండీ?”

“అప్పటికి నా మీద నాకే నమ్మకం పోయింది.”

అరవై ఏళ్ళుగా రుచి చెబుతున్న నాలిక. నెలన్నరలో దాని నోరు మూయించాను. తిన్నవాళ్ళకి జబ్బు చేసిందని తెలిసి కూడా ఆవిడ తనని తనే అనుమానించుకున్నారు. రమ్మని అడిగాను. చూస్తాలే అన్నారు. తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. ఉయ్యూరు దాకా రాడ్డు పట్టుకుని నిలబడ్డాను.

ఆగస్టు 12, గురువారం

మేడంతో గుడివాడ వెళ్ళాను. బసవపున్నయ్య గారు ఏడిళ్ళూ చూపించారు. ప్రతి గుమ్మంలోనూ తప్పు నాదేనని నేనే చెప్పాను. సెలైన్ ఎక్కించుకున్న ముసలావిడ కోలుకుంది. మంచం మీద కూర్చుని అరగంట తిట్టింది. అన్నీ విన్నాను.

ఆగస్టు 17, మంగళవారం

కొండలమ్మ గారు వచ్చారు. తను రుచి చూడకుండా ఏ సీసాకీ మూత పెట్టకూడదన్నారు. మేడం సరే అన్నారు. ప్రోగ్రాం మార్చాను. చెప్పిందెవరో, టైపు చేసిందెవరో వేర్వేరుగా పడతాయి. పాత మార్పులు దిద్దే దారి నాకు కూడా లేకుండా తీసేశాను. ఆరో మార్పు అలాగే ఉంది. దాని కింద ఏడోది చేరింది: ఉప్పు 2.25, కారణం టైపు తప్పు, నా పేరుతో.

ఉద్యోగం ఉంది. కానీ నెల రోజులు పొద్దున పూట కొండలమ్మ గారి కింద రొయ్యలు ఒలవాలి. ఆవిడ ఏమాత్రం జాలి చూపించడం లేదు.

ఆగస్టు 22, ఆదివారం

ఎంత సబ్బు రుద్దినా చేతుల రొయ్యల వాసన పోలేదు. చర్చిలో ఎప్పుడూ నా పక్కనే కూర్చునే ఎలిజబెత్ కొంచెం దూరం జరిగి కూర్చుంది. నేను చేతులు జోడించి, వేళ్ళు ముక్కుకి ఆనించుకుని, ప్రార్థన అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.