పంపు నమూనాకు రెండో చెవి

తాష్కెంట్, మంగళవారం

అయ్‌దిన్ అక్కా, నేను క్షేమం. చలికి దగ్గు మాత్రం వదలలేదు.

నీ మరదలు జుమ్రద్ చివరిసారి జబ్బుతో ఇంటికి వచ్చినప్పుడు, బాగుచేయడానికని ఎర్రరంగు వేసిన చెక్కముక్క ఒకటి తెచ్చింది. దాన్ని తందూరులో వేశావా? వేయకపోతే వెంటనే బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపు. మా పోత కర్మాగారంలో తను చెక్కిన పంపు కొయ్య నమూనాకు అది విడిగా తగిలించే చెవి, పంపును బోల్టులతో బిగించే చోటు. ఇసుకలో అచ్చు పడ్డాక ముందు నమూనాను పైకెత్తి, తర్వాత చెవులను పక్కకు లాగి తీస్తాం. నిన్న అది లేకుండానే పోత పోశారు. పంపు ఒంటిచెవితో వచ్చింది.

"ఏమయ్యా ఇంజనీరూ, దీన్ని బిగించేది పొలంలోనా, నీ మెడకా?" అన్నాడు పోత పనివాళ్ల పెద్ద కాసిం ఉస్తా.

ఇనుప నమూనాలు వచ్చేశాయి. నెలాఖరుకు, ముక్కలు తప్పిన కొయ్య నమూనాలన్నీ పొయ్యిలోకే.

"కొత్త చెవి గంటలో చెక్కిస్తా, ఇంత దిగులెందుకు?" అన్నాడు ఉస్తా. వద్దన్నాను.

బొగ్గు దొరికిందా? తల్లి పోయాక మా పాపకు జడలు ఎవరు అల్లుతున్నారు? అమ్మకు, బావకు సలాములు. ముక్క మీద జుమ్రద్ పెన్సిలు గీతలు ఉంటాయి, తుడవకు.

తమ్ముడు యోర్మత్