నైన్, టెన్, ఒక పీచ్ గులాబి

అక్టోబరు 30, గురువారం

టెన్ వచ్చేసింది!

నా ఫోను నైన్. కొని రెండేళ్లు కూడా కాలేదు, అద్దం మీద గీత లేదు. అయినా టెన్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి దీని మొహం చూడబుద్ధి కావడం లేదు. పొద్దున్నుంచి ప్లాస్టిక్ కప్పు వేసిన మా పాలీహౌస్‌లో గులాబీలు కోస్తూ కంపారిజన్ వీడియోలే విన్నాను. కెమెరా మారిందట, చిప్ మారిందట, బ్యాటరీ కాస్త పెరిగిందట. నైన్ ఉన్నవాళ్లు మారనక్కర్లేదు అన్నాడొకాయన. వెంటనే ఆయన్ని ఆపేసి, మారాల్సిందే అనే ఇంకొకాయన్ని పెట్టుకున్నాను.

నాకు కెమెరా కావాల్సింది సోకు కోసం కాదు. వాట్సాప్ స్టేటసే నా అంగడి. ఇన్నాళ్లూ మా పూలు హోసూరు మండీలో అందరి పూలతో కలిసిపోయి, పేరూ ఊరూ లేకుండా బెంగళూరు పోతున్నాయి. డెకరేషన్ వాళ్లెవరైనా స్టేటస్ చూసి నేరుగా నా దగ్గర కొంటే, మా ఊరి పేరూ నా పేరూ కలిపి అత్తిముగం పరిమళ పూలు అని ఒక పేరు పడుతుంది. ఒక్క ఆర్డరు చాలు. ఒక్కటి రావాలి.

మా ఆయన బాలాజి కూడా కొనమనే అంటున్నాడు. పెద్ద మనసేం కాదు. తన ఫోను అద్దం పగిలి బొటనవేలు కోస్తోంది. నేను టెన్ కొంటే నైన్ తనదవుతుందని ఆశ.

నవంబరు 2, ఆదివారం

ఆడపడుచు చిత్ర హోసూరు నుంచి వచ్చింది, చేతిలో టెన్‌తో! ఫ్యాక్టరీలో బోనస్ ఇచ్చారట. వదినా, ఈ పొద్దంతా నువ్వే పెట్టుకో, రేపు డ్యూటీకి పోయ్యేటప్పుడు తీసుకుంటా అని నా చేతిలో పెట్టేసింది. బంగారు తల్లి.

ముందు మా అత్త మారక్కను తీశాను. ఫోటో అంటే చాలు, కొంగు సర్దుకుని గోడలా నిలబడిపోతుంది. నైన్‌లో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. టెన్‌లో పదేళ్లు తగ్గింది, నుదుటి మీది పచ్చబొట్టు మాయమైంది. నా బొట్టు యాడ పోయినాది, దీనికి కండ్లు కనపడవా ఏమి, అని టెన్‌ను తిట్టిపోసింది. అది మొహం నున్నగా చేసే సెట్టింగేనమ్మా, తీసెయ్యొచ్చు అని చిత్ర పడీపడీ నవ్వింది.

తర్వాత పువ్వు. పీచ్ గులాబి. ఒకటే పువ్వు, ఒకటే చోటు, రెండు ఫోన్లు. నైన్‌లో వెన్నలాగా లేతగా వచ్చింది. టెన్‌లో మాగిన మామిడి బుగ్గలాగా ఎర్రబారింది. ఏ కెమెరా మేలో తేల్చుకోలేక రెండు ఫోటోలూ స్టేటస్‌లో పెట్టి, ఏది బాగుందో చెప్పండి అని రాశాను.

నవంబరు 3, ఉదయం 6.40

ఆర్డరు! ఆర్డరు! చెన్నకేశవులని, బెంగళూరులో పెళ్లిమంటపాలు అలంకరిస్తాడట. వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఈ ఆదివారం పెళ్లికి మంటపం నిండా నా పూలే! సరుకు నచ్చితే ప్రతి వారం నా దగ్గరే తీసుకుంటాడట. బాలాజిని నిద్రలేపి గట్టిగా గిల్లాను.

అదే రోజు, 7.15

మెసేజ్ మళ్లీ విన్నాను. కొంప మునిగింది. మొదటి ఫోటోలో పువ్వు సగం, రెండో ఫోటోలో పువ్వు సగం కావాలంటున్నాడు. రెండు రకాలనుకున్నాడు! తప్పు నాదే. అంగడిలో రెండు ఫోటోలు పెడితే రెండు సరుకులనుకుంటారు గానీ, రెండు ఫోన్లనుకుంటారా?

నవంబరు 4

బాలాజి సలహా: అదే పువ్వును రెండు డబ్బాల్లో కట్టి పంపించు, ఎవురు చూడొచ్చినారు, గమ్మునుండు.

అత్త విని, డబ్బా తెరిసినాక కొన్న ఆయప్ప నీ ఫోన్లో చూడడమ్మా, పువ్వునే చూస్తాడు అంది. ఇద్దరి మీదా కోపమొచ్చింది. అత్త మీదే ఎక్కువ, ఎందుకంటే ఆమె చెప్పిందే నిజం. మొదటి సరుకులోనే మాట తప్పితే, పడబోయే పేరు పుట్టకముందే చస్తుంది.

నవంబరు 5

చెన్నకేశవులుకు ఫోన్ చేసి, రెండు ఫోటోల్లోనూ ఒకటే పువ్వని చెప్పేశాను. పది పువ్వులు బస్సులో పంపించమ్మా, చూసి చెప్తా అని పెట్టేశాడు.

నవంబరు 6

ఫోన్ రాలేదు. టెన్ పేరెత్తినవాళ్లకు ఈ ఇంట్లో అన్నం లేదు.

నవంబరు 7

వచ్చింది! వచ్చింది! చెన్నకేశవులే ఫోన్ చేశాడు.

అసలు సంగతి ఇది. స్టేటస్ చూసిన రాత్రే ఆయన రెండు ఫోటోలూ పెళ్లివాళ్లకు పంపాడట. ఆడపెళ్లివాళ్లకు మొదటి ఫోటోలోని లేత రంగు నచ్చిందట. మగపెళ్లివాళ్లకు రెండో ఫోటోలోని ముదురు రంగు. లేతది వెలవెలబోతుందని మగపెళ్లివాళ్లు, ముదురుది కళ్లలో పొడుస్తుందని ఆడపెళ్లివాళ్లు. వియ్యపురాళ్లకు మాటలు కూడా ఆగిపోయాయట. అందుకే పాపం, సగం సగం అడిగాడు.

నా పువ్వులు పది మధ్యలో పెట్టి, ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు ఫోటోలూ ఈ పువ్వువే అన్నాడట. పెళ్లికూతురి తల్లి పువ్వు చేతిలోకి తీసుకుని, చూసినారా, మేం చెప్పిన రంగే అందట. పెళ్లికొడుకు తల్లి ఇంకోటి తీసుకుని, కాదు, మేం చెప్పిన రంగే అందట. ఇద్దరూ గెలిచారు! మంటపమంతా ఒకే పువ్వు!

నువ్వు చెప్పకుండా పంపించింటే, ఇద్దురూ మంటపంలోనే నా జుట్టు పట్టుకొనుందురమ్మా అన్నాడు చెన్నకేశవులు. వచ్చే వారానికీ ఆర్డరిచ్చాడు. ఒక షరతు. ఇంకమీదట ప్రతి పువ్వునూ ఆ రెండు ఫోన్లతోనూ తీసి పంపాలి, ఒకటే పువ్వని కింద రాయాలి. పెళ్లంటే రెండు ఇండ్లోళ్లు కదమ్మా అన్నాడు.

నవంబరు 9, రాత్రి

నిన్న పూలు వెళ్లాయి. ఈ రోజు హోసూరు పోయి టెన్ కొన్నాను!

నైన్ ఇస్తే ధర తగ్గిస్తామన్నారు అంగడివాళ్లు. ఇవ్వనన్నాను. బాలాజి ఊరికే చెయ్యి చాపి చూశాడు. అతనికీ ఇవ్వనన్నాను. మొహం చూసి జాలేసి, పగిలిన అద్దం మాత్రం మార్పించాను. ఇంటికొచ్చి ఆ సెట్టింగు తీసేసి, అత్తను మళ్లీ ఫోటో తీశాను. అత్త నుదుటి మీదికి పచ్చబొట్టు తిరిగొచ్చింది.

నవంబరు 10, ఉదయం

తొందరలో రెండు ఫోన్లూ ఇంట్లో మరిచి తోటకు పోయాను. ఒక పీచ్ గులాబి కోసి, బయటి మంచులోకి తెచ్చి, చేతిలో ఎత్తి పట్టుకుని చూశాను. వెన్న రంగు కాదు. మామిడి రంగూ కాదు.

అబ్బ!